అరకు ఘాట్‌పై ఇద్దరు

ప్రతి ఏటా శీతకాలపు సెలవులు దగ్గరపడగానే మన కళాశాలలో అరకు విహారయాత్ర ప్రసక్తి వస్తుంది. ఒక బస్సు మాట్లాడుకుంటాము. తలా ఇంత అని చందా వేసుకుంటాము. చందా ఇచ్చుకోలేనివారు ఆ రోజు ఇంటివద్ద ఏదో పని ఉన్నదని చెప్పి తప్పుకుంటారు. మిగిలినవారు తెల్లవారుజామున బయలుదేరి, ఘాట్ మలుపులలో కొందరు వాంతులు చేసుకొని, కొందరు నిద్రపోయి, బొర్రా గుహలనూ పద్మాపురం తోటనూ చూచి, థింసా నృత్యం ముందు నిలబడి ఛాయాచిత్రాలు తీయించుకొని, అర్ధరాత్రికి ఇల్లు చేరుతారు. మరునాడు “అరకు చూచి వచ్చాము” అంటారు. కిటికీ అద్దం వెనుక నుంచి చూచినది అరకేనా అన్నది నా సందేహం.

ఆ బస్సుకు బదులుగా, దేహదారుఢ్యమూ కోరికా ఉన్న విద్యార్థులను ఇద్దరిద్దరు చొప్పున సైకిళ్ళపై ఆ ఘాట్ ఎక్కించాలని నా అభిప్రాయం. ఒంటరిగా వద్దు, గుంపుగానూ వద్దు. ఇద్దరుగా వెళ్ళాలి. ఈ ‘ఇద్దరు’ అన్న మాట దగ్గరనే నేను కొంత పట్టు పట్టదలచాను.

ముందుగా దారి సంగతి. విశాఖపట్నం నుంచి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట వరకు పెద్ద ఎత్తుపల్లాలు లేవు. అక్కడ నుంచి తూర్పుకనుమలు ఎదురవుతాయి. కాశీపట్నం దాటి టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట మీదుగా దారి మెలికలు తిరుగుతూ పోతుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కాని దారి ఆ ఎత్తుతో తృప్తి పడదు. గాలికొండ వద్ద అంతకన్న పైకి ఎక్కి, తిరిగి లోయలోనికి దిగుతుంది. పటం మీద అరకు ఎత్తు మాత్రమే చూచుకొని బయలుదేరినవాడు సగం దారిలో ఆ లెక్కను సవరించుకోక తప్పదు. ఇదే కొండను 1960వ దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం యాభైకి పైగా సొరంగాలు తొలిచి దాటింది. రైలుకు సొరంగమున్నది. సైకిలుకు లేదు.

గత శీతకాలంలో నేనూ, భౌతికశాస్త్రం బోధించే నా సహాధ్యాపకుడూ శృంగవరపుకోట నుంచి ఈ ఘాట్ ఎక్కాము. బయలుదేరేముందు ఆయన ఒక కాగితం మీద లెక్క వేసి చూపాడు. మనిషి, సైకిలు, సామాను కలిసి 80 కిలోలు అనుకుందాము. దానిని వేయి మీటర్లు పైకెత్తడానికి కావలసిన శక్తి 7,84,000 జౌళ్ళు, అనగా 190 కిలోకేలరీలకు లోపు. శరీరం తాను ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతు మాత్రమే పనిగా మార్చగలదు కనుక, రమారమి 750 కిలోకేలరీలు తినాలి. అది పావుకిలో బియ్యానికి కూడ సరిపోదు! రోడ్డు రాపిడినీ తక్కినవాటినీ కలుపుకొన్నా అరకిలో దాటదు. ఒక పూట భోజనంతో ఎక్కగల కొండను చూచి ఇంతమంది ఎందుకు వెనుదీస్తున్నారన్నది ఆయన ప్రశ్న.

ప్రశ్న సమంజసమే. కాని లెక్కలో చేరని విషయం ఒకటి ఉన్నది. మైదానంలో సైకిలు తొక్కేవానికి ప్రధాన శత్రువు గాలి. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతే, అతని వెనుక దగ్గరగా పోయేవానికి పాతిక ముప్పై వంతుల శ్రమ తగ్గుతుంది. అక్కడ తోడు వలన ప్రత్యక్షమైన లాభం ఉన్నది, దానిని కొలవవచ్చు. ఘాట్‌పై గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు గాలి అడ్డంకి దాదాపు లెక్కలోనికి రాదు. అడ్డమల్లా భూమ్యాకర్షణమే. మరొకడు ముందున్నా వెనుకనున్నా మన బరువులో గురిగింజంత కూడ తగ్గదు. మరి కొండపై తోడు దేనికి?

మా ప్రయాణంలో డముకు దగ్గర ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరికింది. నా సహాధ్యాపకుడు నాకంటె బలవంతుడు, అలవాటున్నవాడు. తలచుకుంటే గంట ముందుగా అనంతగిరి చేరి టీ తాగుతూ కూర్చోగలడు. ఆయన అట్లా చేయలేదు. మొదటి మలుపు నుంచీ నా వెనుకనే ఉన్నాడు. ఆయన గేరు మార్చిన శబ్దం తప్ప రెండు గంటలసేపు మరొక మాట వినలేదు. “ఇంకా ఎంత దూరం” అని నేను అడగలేదు, “కొంచెమే” అని ఆయన అబద్ధమాడలేదు. బలవంతుడు ముందు పోతే బలహీనుడు అతనిని అందుకోవాలని ఊపిరికి మించి తొక్కుతాడు. అరగంటలో గుండె దడదడలాడుతుంది, మరొక అరగంటలో కాళ్ళు పడిపోతాయి. అదే బలహీనుడు ముందుంటే అతని వేగమే ఇద్దరి వేగమవుతుంది, ఇద్దరూ పైకి చేరుతారు. బరువును ఎవరూ పంచుకోలేరు. కాలాన్ని మాత్రం ఒకరు మరొకరికి ఇవ్వగలరు. బలమున్నవాడు తన గంటను వదులుకోవడమే ఆ ఇవ్వడం. అది తొక్కడంకన్న కష్టమని ఆయన తరువాత ఒప్పుకున్నాడు. నెమ్మదిగా పోతే సైకిలు నిలవదు, వేగంగా పోతే తోడు మిగలదు.

ఉర్దూలో ‘హమ్‌సఫర్’ అనే మాట ఉన్నది. మన విద్యార్థులు దానిని సినిమా పాటలలో విని, ప్రణయానికి సంబంధించిన పదమనుకుంటారు. దాని అసలు అర్థం ప్రయాణంలో తోడున్నవాడని మాత్రమే. అరబ్బులలో దారికన్న ముందు తోడును చూచుకో అనే సామెత ఉన్నది. ఎడారి ప్రయాణం చేసినవారి మాట అది. ఘాట్ దారికి కూడ అంతే సరిపోతుంది.

ఈ నియమాన్ని పోటీలలో సైతం పాటించేవారున్నారు. కొండ సైకిలు 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కొండలపై కొందరు యువకులు పాత లావుటైర్ల సైకిళ్ళను సవరించుకొని తొక్కడంతో పుట్టింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు ఎక్కింది. ఒలింపిక్స్‌లో ఎవరికి వారే. కాని దక్షిణాఫ్రికాలో 2004లో ప్రారంభమైన ‘కేప్ ఎపిక్’ అనే ఎనిమిది రోజుల పోటీలో జతలుగానే పాల్గొనాలి. జతలోని ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలకు మించితే దండన పడుతుంది, అదీ జత మొత్తానికి. ఎంతటి వీరుడైనా తన జతగానిని వెనుక వదలి గెలవలేడు. ఆ నిబంధన రాసినవారికి కొండ సంగతి తెలుసు.

మన దగ్గర ఇటువంటి జత లేదా అంటే, ఉన్నది. 2014 మే 25న, అనగా రాష్ట్రం విడిపోవడానికి సరిగా ఎనిమిది రోజుల ముందు, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులిద్దరు, మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్, ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కారు. నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆనందకుమార్ ఖమ్మం జిల్లావాడు. వారి శిక్షణ భువనగిరి రాతికొండపై మొదలైంది. పత్రికలు పూర్ణ వయస్సును గురించి విశేషంగా రాశాయి. అది న్యాయమే. అయితే ఒక పాఠశాలల సంస్థ ఒకరిని గాక ఇద్దరిని పంపిందన్న సంగతిని ఎక్కువమంది గమనించలేదు. ఇంత చిన్న వయస్సువారిని ఒంటరిగా ఆ ఎత్తుకు పంపి ఉంటే ఎట్లా ఉండేదో ఊహించండి.

ఇంతకన్న దగ్గరలో, ఇంతకన్న పాతది మరొక జతప్రయాణం ఉన్నది. అనంతగిరి, పాడేరు ప్రాంతాలలో రోడ్డు లేని గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ గర్భిణికి నొప్పులు వచ్చినా, ఎవరికైనా జ్వరం ముదిరినా, ఒక కర్రకు బట్టో బుట్టో కట్టి, రోగిని అందులో ఉంచి, ఇద్దరు మనుషులు భుజాలపై మోసుకుంటూ రోడ్డు దాకా దిగుతారు. దానినే డోలీ అంటారు. ఇద్దరి నడక ఒకటి కాకపోతే డోలీ ఊగుతుంది. ఒకడు తొందరపడితే మరొకడు తూలుతాడు, లోపలి మనిషి పడిపోతుంది. అందులో వినోదమూ లేదు, పతకమూ లేదు. మనం సెలవులలో సరదాకు ఎక్కే కొండను వారు ప్రాణం కోసం దిగుతున్నారు. ఈ రెంటినీ ఒక్క గాట కట్టడం నా ఉద్దేశం కాదు. కట్టరాదు కూడ. కాని బస్సులో పోయేవానికి రోడ్డు పక్కనుంచి అడవిలోనికి చీలిపోయే ఆ కాలిబాట కనిపించదు. గంటకు ఏడు కిలోమీటర్లతో పోయేవానికి కనిపిస్తుంది. ఆ బాట ఎక్కడికి పోతుందని అడుగుతాడు. అడిగితే కొండదొర, గదబ, పోర్జ, కోదు అనే పేర్లు పరీక్షలో రాసే పేర్లుగా కాక, మంచినీళ్ళు ఇచ్చిన మనుషుల పేర్లుగా తెలుస్తాయి. గిరిజన ప్రాంతాలలోని గనుల కౌళ్ళపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పుకు మూలమైన బొర్రా ప్రాంతం ఈ దారి పక్కనే ఉన్నదని మన రాజనీతిశాస్త్ర విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఛాయాచిత్రాల విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. అడగకుండా ఏ మనిషి బొమ్మా తీయరాదు.

ఇక కమిటీ పెద్దల అభ్యంతరాలు నేను ఊహించగలను. ప్రమాదమంటారు. నిజమే, ఎక్కడంలో కన్న దిగడంలో ప్రమాదమెక్కువ. ఎడతెగక బ్రేకు పట్టి ఉంచితే చక్రపు అంచు వేడెక్కి పట్టు తప్పుతుంది. కనుక పట్టి వదలి, పట్టి వదలి దిగాలి. ఎక్కేటప్పుడు దగ్గరగా ఉన్న జత దిగేటప్పుడు ఎడంగా ఉండాలి. మలుపు మలుపుకూ గంట మోగించాలి. మంచు విడిచేదాకా గాలికొండ దిగరాదు. డిసెంబరు చివరి వారంలోనూ సంక్రాంతి సెలవులలోనూ ఆ దారి నిండా కార్లే, కనుక ఆ రోజులలో వెళ్ళరాదు. ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత కూడ ప్రమాదం పూర్తిగా పోదు. బస్సు ప్రయాణంలోనూ పోదు.

ఆడపిల్లల సంగతేమిటి అని మరొక ప్రశ్న. వారిని పంపాలనే నేనంటాను. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో ముస్లిం యువతులు కూడ ఉన్నారు. మొదట నవ్విన ఊళ్ళే తరువాత అలవాటు పడ్డాయి. మన పిల్లల తల్లిదండ్రులతో కమిటీ ముందుగా మాట్లాడాలి, ఒక అధ్యాపకురాలు వెంట ఉండాలి. అంతకుమించిన అడ్డంకి నాకు కనిపించడం లేదు.

ఖర్చు విషయంలో నాది చిన్న ప్రతిపాదన. బస్సుకు ఇచ్చే అద్దె ఒక్కరోజుతో అయిపోతుంది. ఆ డబ్బుతో గేర్లున్న సైకిళ్ళు ఏటా ఒకటి రెండు కొని కళాశాల ఆస్తిగా ఉంచితే, కొన్నేళ్ళలో చందా ఇవ్వలేని విద్యార్థికి కూడ వంతు వస్తుంది. మొదటి ఏడు ఒక్క జతతో ప్రారంభించినా చాలు.

జతలను ఎవరు కుదర్చాలన్నది చివరి మాట. స్నేహితులకు వదిలేస్తే స్నేహితులే కలిసిపోతారు, దానివల్ల వారు కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. ఒక ఉర్దూ మాధ్యమం విద్యార్థిని ఒక తెలుగు మాధ్యమం విద్యార్థితో, బలవంతుని అలసేవానితో అధ్యాపకులే జతపరచాలి. భాష రాదన్న బెంగ అక్కరలేదు. ఘాట్‌పై ‘ఠహ్రో’, ‘ఆగు’ అనే రెండు మాటలకు మించి మాట్లాడే ఊపిరి ఎవరికీ ఉండదు. అరటిపళ్ళు, పల్లీపట్టి, నీళ్ళు ఎవరివి వారికి ఇవ్వవచ్చు. గాలికొట్టే పంపు మాత్రం జతకు ఒక్కటే ఇవ్వాలి, దానిని బలహీనుని సంచిలో పెట్టాలి. రెండు పంపులు ఇస్తే అనంతగిరి చేరకముందే ఇద్దరూ విడిపోతారు.