బేరింగ్ చిన్నది, బిల్లు పెద్దది

అమెరికా సెకండ్‌హ్యాండ్ కార్ల మార్కెట్‌లో కొన్నేళ్లపాటు ఒక వింత సాగింది. కొత్తగా ఉన్నప్పుడు 65 వేల డాలర్ల పైచిలుకు పలికిన పోర్షె 911 కారు 20 వేలకే దొరికేది. దాని తమ్ముడు బాక్స్టర్ అయితే పది వేల లోపే. కానీ ఇంజిన్ పాడై, పేరున్న స్పెషలిస్టు వర్క్‌షాపులో పూర్తిగా విప్పి మళ్లీ బిగించాలంటే 20 వేల డాలర్లు దాటేది. ఒంటి మీద గీత కూడా లేని కార్లు ఎన్నో విడి భాగాల కింద అమ్ముడుపోవడానికి ఈ లెక్కే కారణం.

దాని మూలం అరచేతిలో పట్టే ఒక బాల్ బేరింగ్.

1990ల తొలినాళ్లలో పోర్షె నష్టాల్లో కూరుకుపోయింది. పగ్గాలు చేపట్టిన వెండెలిన్ వీడెకింగ్ టయోటాలో పనిచేసిన జపాన్ నిపుణులను పిలిపించి ఫ్యాక్టరీని చక్కదిద్దారు. ఖర్చు తగ్గించడానికి రెండు కార్లను ఒకే మూసలో తయారుచేశారు. 1996లో బాక్స్టర్, 1997లో కొత్త 911 వచ్చాయి. ముందు భాగమూ ఒకటే, ఇంజిన్ కుటుంబమూ ఒకటే. 1960ల నుంచి నడిచిన ఎయిర్ కూల్డ్ ఇంజిన్ పోయి వాటర్ కూల్డ్ ఇంజిన్ వచ్చింది. కంపెనీ బతికింది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. తేడా వచ్చింది ఇంజిన్ లోపల ఒక మూల.

క్రాంక్‌షాఫ్ట్ నుంచి గొలుసుల ద్వారా కామ్‌షాఫ్ట్‌లను తిప్పడానికి మధ్యలో ఒక షాఫ్ట్ ఉంటుంది. పాత 911లోనూ ఉండేది. కాకపోతే అది సాదా బేరింగ్‌ల మీద, పంపు నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్‌లో తిరిగేది. కొత్త ఇంజిన్‌లో దాని ఒక కొసకు గ్రీజు పెట్టి మూసేసిన బాల్ బేరింగ్ అమర్చారు. ఏళ్లు గడిచేకొద్దీ సీలు అరిగి ఆయిల్ లోపలికి చేరుతుంది. ఉన్న గ్రీజు కడిగేసుకుపోతుంది. ఆ సీలు వల్లే కొత్త ఆయిల్ కూడా సరిగా అందదు. బేరింగ్ విరిగితే గొలుసు దారి తప్పుతుంది, వాల్వ్‌లు వెళ్లి పిస్టన్‌లకు కొట్టుకుంటాయి, ఉక్కు రజను ఆయిల్‌తో పాటు ఇంజిన్ అంతటా పాకుతుంది. ఇంజిన్ పని అక్కడితో సరి.

దీన్ని ముందే మార్చుకోవచ్చు. కాకపోతే గేర్‌బాక్స్ దించాలి. అందుకే తెలిసినవాళ్లు క్లచ్ మార్పించే రోజున దాన్నీ మార్పించేస్తారు. అప్పుడు అయ్యేది ఇంజిన్ పనికి అయ్యేదాంట్లో చిన్న వంతు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. అయితే గోరుంటే పోయేదని చాలామంది యజమానులకు ఎవరూ చెప్పలేదు.

ఇంజిన్ కట్టడానికి అంత ఎందుకవుతుందన్నది మనవాళ్లకు సహజంగా వచ్చే సందేహం. అంబాసిడర్ ఇంజిన్ అరిగితే విజయవాడ ఆటోనగర్‌లోనో మరెక్కడో లేత్ షాపుకి ఇచ్చి బోర్ చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్‌లు వేయించిన తరం మనది. అది పోత ఇనుము కాబట్టి కుదిరింది. పోర్షె బ్లాకు అల్యూమినియం. సిలిండర్ లోపలి గోడకు సిలికాన్ కలిసిన పలచని పొర మాత్రమే గట్టిదనం ఇస్తుంది. గీతలు పడితే ఆ పొరను తొలిచేసి కొత్త స్లీవ్‌లు దింపాలి. ఆ పని సరిగా చేయగల షాపులు కొద్ది. ఆయిల్ దారులన్నీ కడగాలి. లోహపు రజను ఇరుక్కుపోయే ఆయిల్ కూలర్‌ను మార్చేయడమే మేలు. గొలుసులు, టెన్షనర్లు, వాల్వ్ గైడ్‌లు, వాటర్ పంపు, క్లచ్... 'ఎలాగూ విప్పాం కదా' అన్న మాట దగ్గరే బిల్లు పెరుగుతుంది. మెకానిక్ కూలి గంటకు వంద డాలర్ల పైనే. తుక్కయిన మరో కారు నుంచి పాత ఇంజిన్ తెచ్చి పెట్టించడం చవకే కానీ, దాని కడుపులోనూ అదే బేరింగ్ ఉంటుంది.

నిజానికి కోర్టు ముందుకొచ్చిన లెక్కల్లోనూ చెడిపోయిన బేరింగ్‌లు నూటికి పది లోపే. భయం మాత్రం నూరు కార్లనూ పట్టుకుంది. ధర పడింది. పడిన ధర చూసి, జీవితంలో ఒక్కసారైనా పోర్షె నడపాలన్న కోరికతో మధ్యతరగతి వాళ్లు కొన్నారు. అంటే 20 వేల డాలర్ల దెబ్బ తట్టుకోలేనివాళ్ల చేతుల్లోకే ఆ బేరింగ్ చేరింది. అదే కాలంలో పోర్షె అమ్మిన ఖరీదైన టర్బో, జీటీ3 మోడళ్లలో మాత్రం రేసింగ్ వారసత్వమున్న పాతకాలపు క్రాంక్‌కేస్ ఇంజిన్ ఉండేది. వాటికి ఈ జబ్బు లేదు. డబ్బున్నవాడికి నిశ్చింత కూడా ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చారన్నమాట.

2011లో యజమానులు కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 2013లో కంపెనీ రాజీకి వచ్చింది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్లకే, అదీ పదేళ్లు, లక్షా 30 వేల మైళ్ల లోపైతేనే పరిహారం. కొత్తగా కొన్నవారికి ఖర్చు పూర్తిగా, బయట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారికి అందులో కొంత భాగం. చట్టం దృష్టిలో ఇది సబబే కావచ్చు, రెండో యజమాని కంపెనీతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు కదా. కానీ వస్తువులో లోపం మొదటి రోజు నుంచీ ఉన్నదే. రెండో యజమాని దాన్ని తయారుచేయలేదు, బయటపడే వేళకు అతని చేతిలో ఉందంతే. 2006-08 కార్లలో కంపెనీ పెద్ద బేరింగ్ పెట్టింది. 2009 నుంచి కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్ట్‌నే ఎత్తేసింది.

మూడేళ్లు దాటిన వాడిన కార్లను సాధారణంగా దిగుమతి కానివ్వని మన నిబంధనల పుణ్యమా అని చవక పోర్షెల వరద ఇటు రాలేదు. కానీ ఇదే లెక్క వేరే బ్యాడ్జీలతో మన మధ్యే తిరుగుతోంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి జర్మన్ లగ్జరీ కార్లు చవకగా ఇతర రాష్ట్రాలకు తరలాయి. కొత్త మారుతి ధరకు పాత బీఎండబ్ల్యూ వస్తుందంటే ఎవరికైనా నోరూరుతుంది. విడి భాగాల కౌంటర్‌లో మాత్రం సెకండ్‌హ్యాండ్ ధరలు ఉండవు.

అమెరికాలో కథ మరో మలుపు తిరిగింది. 2020 తర్వాత ఆ తరం 911ల ధరలు పెరిగాయి. కట్టించినా గిట్టుబాటు కాదని ఒకప్పుడు వదిలేసిన ఇంజిన్లకు ఇప్పుడు పని మొదలుపెట్టడం దండగ కాదు. అమ్మకం ప్రకటనల్లో ఇప్పుడు రంగు, మైళ్లతో పాటు బేరింగ్ మార్పించిన బిల్లు కూడా కనిపిస్తుంది. జాగ్రత్తపరుడైన కొనుగోలుదారు ఆ బిల్లు చూసి ఊరుకోడు. పాత ఆయిల్ ఫిల్టర్‌ను కోయించి, మడతల్లో ఏమైనా మెరుస్తోందేమో వెతుకుతాడు.