ఒక్క రూపాయీ చేతులు మారని అవినీతి (4వ భాగం)

జయప్రకాష్ నారాయణ గారి లాంటి నిజాయితీపరుణ్ణి జనం ఓడించుకున్నారని తెనాలి టీ కొట్ల దగ్గర ఇప్పటికీ వింటుంటాను. ఆ మాట వెనకే ఇంకోటి వస్తుంది: "క్వార్టరుకీ, ఐదొందలకీ ఓటమ్ముకునే వాళ్లుండగా మంచోళ్లు ఎట్టా గెలుస్తారండీ?" ఆ 'వాళ్లు' ఎవరో విడమరిచి చెప్పరు. చూపు మాత్రం మన పల్లె వైపే ఉంటుంది.

సరే, లెక్క చూద్దాం. ఆయన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివారు. ఐఏఎస్ అయ్యారు. 1996లో ఆ ఉద్యోగం వదిలి లోక్‌సత్తా ఉద్యమం పెట్టారు. 2006 అక్టోబర్ 2న దాన్ని పార్టీ చేశారు. 2009లో కూకట్‌పల్లి నుంచి ఆయనొక్కరే గెలిచారు. 2014లో మల్కాజిగిరిలో ఓడిపోయారు. అభ్యర్థులు తమ కేసులూ ఆస్తులూ బయటపెట్టాలని 2003లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వెనక లోక్‌సత్తా కూడా ఉంది. అది మనకీ మేలు చేసింది. కాదనను.

కానీ బాపట్లలో, రేపల్లెలో విజిల్ గుర్తుకి ఓటెయ్యని వాళ్లందరూ కూలీలేనా? ఎకరాలున్నవాళ్లు, మిల్లులున్నవాళ్లు, కాంట్రాక్టర్లు ఎవరికేశారు? ఐదొందలు తీసుకోకుండానే తమ కులపోడికేశారు. కాంట్రాక్టు కోసం వేస్తే తెలివి, ఐదొందలు తీసుకుని వేస్తే అమ్ముకోవడం! ఇదేం తూకం?

నేను తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని. అవినీతి అంటే నీతి లేకపోవడం. అంత పెద్ద మాటని లంచం అనే చిన్న డబ్బాలో కుక్కేశారు. కౌంటర్ దగ్గర చెయ్యి చాపితే అవినీతి. మరి మనిషిని ఆ కౌంటర్ దాకా రానివ్వని దాని పేరేంటి?

తెనాలి పక్కనే చుండూరు. ఇప్పుడు బాపట్ల జిల్లా. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బాధితులు పట్టుబట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎనిమిది రోజులకి, ఏప్రిల్ 30న, మల్కాజిగిరిలో పోలింగ్. చుండూరు కేసులో ఎవరో లంచం తిన్నారని నేననడం లేదు. ఒక్క రూపాయి చేతులు మారకుండానే ఎనిమిది ప్రాణాలకి జవాబు చెప్పేవాడు లేకుండా పోయాడంటున్నాను. దీన్ని ఏ ఏసీబీ పట్టుకుంటుంది?

నిజాయితీ అంటే తన చెయ్యి శుభ్రంగా ఉంచుకోవడమే అయితే అది మంచి గుణం, అంతే. రాజకీయం కాదు. అదే ఐఏఎస్‌లో ఎస్.ఆర్. శంకరన్ గారూ పనిచేశారు. ఆయనా పైసా ముట్టలేదు. అక్కడితో ఆగలేదు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని వెట్టివాళ్ల దగ్గరికే తీసుకెళ్లారు. భూమి గురించి, కూలి గురించి, కులం గురించి పట్టించుకున్నారు. అందుకే పాలకులకి కంటగింపయ్యారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆయన ఏ ఎన్నికలోనూ నిలబడలేదు, అయినా పల్లెల్లో ఆయన పేరు ఇంకా నిలబడే ఉంది.

రేపు ఇంకో నిజాయితీపరుడు అవినీతిని ఊడుస్తానని మన దగ్గరికి వస్తాడు. రానివ్వండి, కుర్చీ వేయండి. రెండే ప్రశ్నలడగండి. అసైన్డ్ భూముల్ని అమ్మకూడదని 1977లోనే చట్టముంటే, మన పట్టాలు ఎవరి చేతుల్లోకి ఎట్టా పోయాయి? చుండూరులో ఎనిమిది మందిని ఎవరు చంపారు?

ఈ రెంటికీ జవాబు చెప్పినోడికి మన ఓటు ఉచితం.

జై భీమ్.