శుక్రవారం సాయంత్రం ఓ గంట

కోనసీమలో డిగ్రీ సెకండియర్ చదువుతున్న ఓ అమ్మాయి ఈమధ్య మొదటిసారి వృద్ధాశ్రమానికి వాలంటీర్‌గా వెళ్ళింది. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే ఏడాదికి 120 గంటలు సేవ చెయ్యాలి కదా, ఆ లెక్కలో. తన పేరు రాయొద్దంది. ఆశ్రమం పేరు అసలే వద్దంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆరుగురు ఫ్రెండ్స్ కలిసి ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. రావులపాలెంలో కొన్న చక్కెరకేళి గెల, నాలుగు బ్రెడ్ ప్యాకెట్లు, ఫుల్ ఛార్జింగ్ ఉన్న ఫోన్లు. గేటు దాటగానే ఆశ్రమం చూసుకునే ఆవిడ గెల వైపు చూసి నవ్విందట. "ఇందాకే ఎవరిదో పుట్టినరోజని లడ్డూలు పంచి వెళ్ళారమ్మా. ఇక్కడ సగం మందికి షుగరు. మంగళవారం వచ్చేవాళ్ళే ఉండరు" అని.

ఆదివారం మూడు భోజనాలు, మంగళవారం ఎవరూ లేరు. చాలాచోట్ల కథ ఇదే. కాబట్టి వెళ్ళేముందు ఒక్క ఫోన్ కొట్టి "ఏం తెమ్మంటారండీ?" అని అడగండి. పెద్దవాళ్ళ డైపర్లు అంటారు, మోకాళ్ళకి రాసుకునే ఆయింట్‌మెంట్ అంటారు, జారని చెప్పులు అంటారు. ఇన్‌స్టాలో అంత అందంగా కనిపించవు కానీ, అవసరం అవే.

ఇన్‌స్టా అంటే గుర్తొచ్చింది. ఆ రోజు ఒక కుర్రాడు గ్రూప్ సెల్ఫీ తియ్యబోతే ఓ పెద్దాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సిగ్గనుకున్నారు వీళ్ళు. కాదు. ఆయన ఇక్కడున్నట్టు ఊళ్ళో తెలీదు. "పెద్దమ్మాయి దగ్గరున్నారు" అని ఇంట్లోవాళ్ళు చెప్పుకుంటున్నారు. మన కోనసీమలో ఊరికీ ఊరికీ దూరమెంత? రాజోల్లో పెట్టిన స్టేటస్ గంటలో కొత్తపేట చుట్టాల ఫోన్లో ఉంటుంది. ఆయన కాపాడుకుంటున్న పరువు కాస్తా మన లైకుల్లో కొట్టుకుపోతుంది. అడగకుండా ఫొటో తియ్యొద్దు. అడిగితే మొహమాటానికి సరే అంటారు, అదీ చూసుకోవాలి.

అసలు సంగతికి వస్తా. ఒక మామ్మగారు పర్సులోంచి మడతలు పడ్డ కాగితం తీసి ఈ అమ్మాయి చేతిలో పెట్టారు. "మా అబ్బాయి నంబరమ్మా. కువైట్లో డ్రైవరు. నీ ఫోన్లో బొమ్మ కనపడుద్దంట కదా, ఓసారి కలుపుతావా?" మామ్మగారిది బటన్ ఫోన్. కొడుకు మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడే చెప్పలేకపోయారు.

వాట్సాప్‌లో చేసింది. మోగింది, మోగింది, ఆగింది. ఇంకోసారి. అంతే. పక్క మంచం మీదున్న ఆవిడ "ఎత్తడమ్మా. ఎవరి కొడుకూ ఎత్తడు" అనేసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఫ్రెండ్స్ అందరూ ఆ కొడుకుని తిట్టని తిట్టు లేదట.

రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఎవరండీ? ఇండియా నంబరు... మా అమ్మకేమన్నా అయ్యిందా?" గొంతు వణుకుతోంది. ఆశ్రమం నుంచి చేశామని, అమ్మ బాగానే ఉన్నారని చెప్పాక అతను చెప్పింది ఇది: ఆదివారం అక్కడ డ్యూటీ రోజు. సెలవు శుక్రవారం.

కువైట్లో వారాంతం శుక్ర, శనివారాలు. ఖతార్, ఒమన్, సౌదీలో కూడా అంతే. దుబాయ్ వైపు మాత్రం 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకి శని, ఆదివారాలకి మార్చారు. టైమేమో కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉండదు మన దగ్గర, అయినా ఈ చిన్న లెక్క ఆశ్రమంలో ఎవరికీ తట్టలేదు. సాయం చేసేవాళ్ళంతా వచ్చేది ఆదివారం. పిల్లలకి ఖాళీ దొరికేది శుక్రవారం.

అమ్మాయి తన రోజు మార్చుకుంది. శుక్రవారం కాలేజీ అయ్యాక నేరుగా వెళ్ళింది. ఇక్కడ సాయంత్రం ఐదు, అక్కడ మధ్యాహ్నం రెండున్నర. కొడుకు మొదటి రింగుకే ఎత్తాడు. మామ్మగారు అలవాటుగా ఫోన్ చెవికి ఆనించుకున్నారు, పాపం అవతల అతనికి కనిపించింది ఆవిడ చెవి పోగు మాత్రమే. ఫోన్ సరిగ్గా పట్టించాక ఇద్దరూ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆవిడ అడిగిన మొదటి మాట, "అన్నం తిన్నావా?"

కొడుకులందరూ ఇలాంటివాళ్ళేనని నేననడం లేదు. పొలం రాయించుకుని వదిలేసినవాళ్ళూ ఉన్నారు. అలాంటి మాట ఎవరైనా చెప్పుకుంటే మీరు జడ్జిమెంట్ ఇవ్వక్కర్లేదు, దారి చెప్పండి చాలు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ఉంది. చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చిన ఆస్తి, చూసుకోకపోతే రద్దు చేయమని అడగొచ్చు. దరఖాస్తు ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కి. అమలాపురంలో, కొత్తపేటలో ఆర్డీవో ఆఫీసులున్నాయి. 14567కి ఫోన్ చేస్తే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

ఇంకో డౌటు మీకు వచ్చే ఉంటుంది. వెళ్ళి ఏం మాట్లాడాలి? "మీకు పిల్లలెంతమందండీ, ఎందుకిక్కడున్నారు?" మాత్రం వద్దు, రోజూ వచ్చేవాళ్ళు అడిగేది అదే. 96 తుఫాను అడగండి. ఆ నవంబర్ 6 రాత్రి కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తారు. 86 గోదావరి వరద అడగండి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది, ఆ వెలుగు చూసినవాళ్ళు మీ ఎదురుగానే కూర్చుని ఉండొచ్చు. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన రాకముందు పంటు మీద పెళ్ళివారు ఎలా దాటారో అడిగితే తువ్వాలు అడ్డం పెట్టుకున్న ఆ పెద్దాయనే గంటన్నర చెప్పారట. మధ్యలో "ఆయ్, వినండి ముందు" అని కసిరారు కూడా.

ఇప్పుడు సెమిస్టర్ పరీక్షలొచ్చాయి. మూడు శుక్రవారాలు రానని అమ్మాయి ముందే చెప్పింది, చెప్పకుండా మానేస్తే గేటు వైపు చూస్తూ కూర్చుంటారని భయం. గోడ క్యాలెండర్ మీద ఆ మూడు తేదీలకీ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి వచ్చింది. ఆ మూడు వారాలకీ ఫోన్ కలిపే పని సెల్ఫీ కుర్రాడికి అప్పజెప్పింది. వాడు కువైట్ టైమ్ తన ఫోన్లో సెట్ చేసుకున్నాడు.