లాభం ఓనరుకు, లైసెన్సు పోయేది డ్రైవరుకు



పత్తి బేళ్లు మిల్లు గేటు లోపలికి రావాలన్నా, నూలు మూటలు హార్బరుకు చేరాలన్నా లారీ కావాలి. 1996లో పెరంబూరు బి అండ్ సి మిల్లు మూతపడింది. మిల్లు పని దొరకని ఇళ్లలో పిల్లలు స్టీరింగ్ పట్టుకోవడం మనకు కొత్త కాదు. అందుకే లారీ డ్రైవరు సమస్య మన సమస్య కూడా.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణం అమలయింది. ఈ రకం పెద్ద లారీల్లో ఇంజన్ పొగమీద యూరియా ద్రవం చల్లే ఏర్పాటు ఉంటుంది. ఆ ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగిలింది శుద్ధమైన నీరు. అది పొగలోని విషవాయువును నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ద్రవం అయిపోతే ఇంజన్ కంప్యూటర్ బండి బలాన్ని తగ్గించేస్తుంది. ఈ ఖర్చు తప్పించుకోవాలని కొందరు ఓనర్లు ఒక చిన్న పెట్టె తగిలించి కంప్యూటర్‌కు దొంగ సమాచారం పంపిస్తున్నారు. మరికొందరు ఓవర్‌లోడ్ లాగడం కోసం కంప్యూటర్‌లోని లెక్కనే మార్పించి డీజిల్ ఎక్కువ పోయిస్తున్నారు.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. రింగ్ ఫ్రేము పుల్లీ మార్చి స్పిండిల్ వేగం పెంచితే ఏమవుతుంది? ఉత్పత్తి పెరిగిందని యాజమాన్యం మురిసిపోతుంది. తెగిన పోగులు అతకడానికి పరుగెత్తేది మనం. లారీలో ఆ పుల్లీ కంటికి కనబడదు, అంతే తేడా. అక్కడ వేడెక్కేది టర్బో, పిస్టన్, క్లచ్. బండి దారిలో ఆగిపోతే రాత్రంతా కాపలా ఉండేది డ్రైవరు. లోడింగ్ దగ్గర ఆ పొగ పీల్చేది మన హమాలీలు.

చట్టం ఏమంటుందో చూడండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం, అనుమతి లేకుండా బండిని మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాలుష్య ప్రమాణం మీరిన బండిని నడిపినవారికి మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దాంతోపాటు మూడు నెలలు లైసెన్సు రద్దు. నడపనిచ్చిన ఓనరు కూడా ఈ సెక్షన్ కిందికి వస్తాడు, నిజమే. కానీ లైసెన్సు పోతే ఓనరు ఇంకో డ్రైవరును పెట్టుకుంటాడు. డ్రైవరు ఇంట్లో మాత్రం మూడు నెలలు పొయ్యి ఆరిపోతుంది.

కాబట్టి బండిని కంపెనీ సెట్టింగుకు తిరిగి తేవాలి. బ్యాటరీ వైరు తీసి పెడితే సరిపోతుందని కొందరు మెకానిక్కులు చెబుతారు. అది నమ్మవద్దు. మార్చిన లెక్క అలా చెరిగిపోదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు ప్రకారం అసలు ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు కరెంటు తగ్గితే కంప్యూటరే పాడయ్యే ప్రమాదం ఉంది గనుక బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచాలి. దొంగ పెట్టె తీసేయాలి. సెన్సార్లు, యూరియా పంపు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. జరిగిన పనంతా జాబ్ కార్డులో రాయించుకుని, దాని నకలు డ్రైవరు దగ్గర ఉంచుకోవాలి.

ఒకే బండి ఉన్న చిన్న ఓనరు వాదన కూడా వినాలి. నెలనెలా ఫైనాన్స్ కిస్తీ కట్టాలి, టోలు కట్టాలి, డీజిల్ పోయాలి, దానికి తోడు యూరియా ద్రవం కొనాలి. 100 లీటర్ల డీజిల్‌కు ఆ ద్రవం సుమారు 5 లీటర్లు పడుతుంది. కిరాయి చాలడంలేదన్న అతని బాధ నిజమే. అయితే ఆ లోటు పూడ్చవలసింది సరుకు పంపే మిల్లు, ట్రాన్స్‌పోర్టు ఏజెంటు. డ్రైవరు లైసెన్సుతోనూ, హమాలీ ఊపిరితిత్తులతోనూ దాన్ని పూడ్చడం న్యాయం కాదు.

2015లో వోక్స్‌వాగన్ కంపెనీ బాగోతం బయటపడింది. పరీక్షలో ఒక రకంగా, రోడ్డుమీద మరో రకంగా పనిచేసే ప్రోగ్రామును ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల బండ్లలో పెట్టినట్టు ఆ కంపెనీయే ఒప్పుకుంది. వాటిని సరిచేసే ఖర్చు కంపెనీయే భరించవలసి వచ్చింది. మార్చినవాడే ఖర్చు పెట్టుకోవాలన్నదే అక్కడి నీతి. మన గేటు దగ్గరా అదే నీతి నడవాలి.

మన డిమాండ్లు ఇవి:

1. బండిని కంపెనీ సెట్టింగుకు తెచ్చే ఖర్చు ఓనరే పెట్టుకోవాలి. జీతంలో గానీ బత్తాలో గానీ పైసా కోయకూడదు.

2. మార్చిన బండి నడపనన్న డ్రైవరును పనిలోంచి తీసేయకూడదు.

3. మిల్లులు ఇచ్చే కిరాయిలో యూరియా ద్రవం ఖర్చు విడిగా లెక్కకట్టాలి.

1918 ఏప్రిల్ 27న ఈ నగరంలోనే మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మిల్లు కార్మికుడు ఒంటరివాడు కాదని అది చాటింది. ఈనాడు లారీ డ్రైవరు ఒంటరిగా ఉన్నాడు. మన గేటు దగ్గర ఆగిన ప్రతి డ్రైవరుతోనూ ఈ విషయం మాట్లాడండి. మూడో డిమాండును మన సంఘం మిల్లు యాజమాన్యం ముందు పెట్టాలి. అది మన చేతిలో ఉన్న పని.