మనోడో కాదో తేల్చుకునే విద్య యాడ నేర్పుతాండారు?

రాత్రిపూట థర్మల్ సైటులో ట్యాంకు ట్యాంకు మాదిరి కనపడదు. వేడిగా ఉండే చోటు తెల్లగా, చల్లటి చోటు నల్లగా ఒక ముద్ద కనపడతాది. జెండా ఉండదు, రంగు ఉండదు. ఆ ముద్ద మనదా, ఎదుటోళ్లదా అని క్షణాల్లో తేల్చాల్సింది పలమనేరు నుంచో, మదనపల్లి నుంచో పోయిన ఇరవై ఏండ్ల పిలగాడు.

ఇది ఉత్త భయం కాదు. 1991 గల్ఫ్ యుద్ధంలో పోరులో చనిపోయిన అమెరికా సైనికులు 148 మంది. అందులో 35 మంది సొంతోళ్ల కాల్పులకే పోయినారు. గురి అందే దూరం పెరిగింది, గుర్తుపట్టే దూరం పెరగలా. మన దేశంలో 2019 ఫిబ్రవరి 27న బడ్గాంలో మన హెలికాప్టరును మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీదుండే ఒకాయన చనిపోయినారు. అది థర్మల్ సైటు కత కాదు. కానీ మనోళ్లను గుర్తుపట్టకపోతే ఏమైతాదో చెప్పేదానికి అది చాలు.

గుర్తుపట్టడం నేర్చుకుంటే వచ్చే విద్యే. మన టీ-72, టీ-90 ట్యాంకుల పొగ ఎడమ పక్క నుంచి వస్తాది. పాకిస్తాన్ టీ-80యూడీకి వెనక నుంచి వస్తాది. వేడి మచ్చ యాడుందో చూస్తే సగం తెలిసిపోతాది. అయితే పొద్దు గూకేటప్పుడు, తెల్లారేటప్పుడు నేలా బండీ ఒకే వేడికొచ్చి బొమ్మ కలిసిపోతాది. వందల బొమ్మలు చూడగా చూడగానే కంటికి పట్టుబడతాది. దానికి కోట్ల రూపాయల యంత్రం అక్కర్లా. అమెరికా సైన్యం మామూలు కంప్యూటర్లో నడిచే 'రాక్-వీ' సాఫ్ట్‌వేరుతో ఈ పాఠం చెప్పింది.

మనకు చేతకానిదా? 1993లో పుట్టిన హైదరాబాదు జెన్ టెక్నాలజీస్ సిమ్యులేటర్లు చేస్తాంది. మచిలీపట్నం బెల్‌లో రాత్రి చూపు పరికరాలు తయారైతాండాయి. తిరుపతిలో ఐఐటీ ఉండాది. సిమ్యులేటర్ల వాడకం పెంచాలని రక్షణ శాఖ 2021 సెప్టెంబరులోనే విధానం ప్రకటించింది.

2022లో తెచ్చిన అగ్నిపథ్‌లో కొలువు నాలుగేండ్లే, శిక్షణ కూడా అందులోనే. ఆ తర్వాత ఉంచుకునేది 25 శాతం వరకే. నేర్చుకునే టైం తగ్గించినోళ్లు నేర్పే పద్ధతిని పెంచాల గదా? సిమ్యులేటరు ఉందని మైదానంలో కాల్పుల సాధన తగ్గిస్తే అదీ మోసమే. దుమ్ము, పొగ, భయం కంప్యూటర్లో రావు. కానీ మొదటి పాఠం ఆడే చెప్పచ్చు. సైటు ముందర కూర్చోబెట్టే ముందు ప్రతి ఒక్కరికీ గుర్తుపట్టే పరీక్ష పెట్టాల.

చిత్తూరు, తిరుపతి ఎంపీలు పార్లమెంటులో ఈ ఒక్క ప్రశ్న అడగాల. పిలగాడు పోయినాక ఊర్లో ఫ్లెక్సీ కట్టడం ఎవురికైనా వచ్చు. పోకముందే వానికో కంప్యూటరు, నాలుగు వందల బొమ్మలు ఇయ్యండి.