పదిహేనేండ్లవారి బీరువా

గత మాసమున నగరమందు జరిగిన పుస్తక ప్రదర్శనలో పదవ తరగతి చదువు బాలిక యొకతె తెలుగు పుస్తకముల అంగడి ముందు నిలిచి, తనకు చదువదగిన నవల యొకటి యిమ్మని అడుగగా, విక్రేత మొదట పంచతంత్రమును, అది చిన్ననాడే చదివితినని ఆమె యనిన పిమ్మట జీవితమున విజయము సాధించు సూత్రములను బోధించు వ్యక్తిత్వ వికాస గ్రంథమును చేతికిచ్చెను. ఆమె దానిని మర్యాదగా యథాస్థానమున నుంచి, ప్రక్క అంగడిలో మూడింతల వెల పెట్టి ఆంగ్ల నవల కొనుక్కొని పోయెను. ఆ సాయంకాలమే, ఆ ప్రాంగణమందే, నేటి యువత తెలుగు చదువుట మానినదని వేదికపై నొక పెద్దమనిషి అరగంటసేపు విలపించెను. మేము ముందువరుసలో కూర్చుండియు చప్పట్లు కొట్టలేదు. అంతకు మించిన సాహసము ఆనాడు మాకు తోచలేదు.

కేంద్ర సాహిత్య అకాడెమీ 2010లో బాలసాహిత్య పురస్కారమును, మరుసటి యేట యువ పురస్కారమును ఈయ నారంభించినది. మొదటిది చదువువారి వయస్సును చూచును. రెండవది వ్రాయువారి వయస్సును ముప్పదియైదేండ్లకు లోబడి లెక్కించును. చదువు యువకుని పేరిట మాత్రము పురస్కారము లేదు. బాలురలోనే వారును చేరిరి గదా యందురేమో. పదిహేనేండ్ల పిల్లను బాల యని యొకసారి పిలిచి, ఆమె ముఖము చూడుడు! తెలుగున తొలి బాలసాహిత్య పురస్కారము కలువకొలను సదానందగారి ‘అడవితల్లి’కి వచ్చినది, అది నవల, 2024లో పి. చంద్రశేఖర ఆజాద్‌గారి ‘మాయాలోకం’ పొందినది, అదియు నవలయే. పిల్లలకు నవల వ్రాయువారు లేరన్న మాట దీనితో తేలిపోయినది. ఆ నవలలు ఎన్ని అంగళ్లలో కంటికి కనబడునో పురస్కారమిచ్చినవారు కాని, సభచేసి శాలువ కప్పినవారు కాని ఒకనాడైన విచారించిరా?

ఈ ఉపేక్ష నేటిది కాదు. దాసరి సుబ్రహ్మణ్యంగారు 1952లో ‘చందమామ’ కార్యాలయమున చేరి, అర్ధశతాబ్దికి పైగా అచ్చటనే యుండి, ‘తోకచుక్క’ మొదలుకొని ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘మాయాసరోవరం’ వరకు ధారావాహికలు వ్రాయగా, ఆ కథల వీరులగు శిఖిముఖి, విక్రమకేసరుల వెంట అడవులు తిరిగిన కుఱ్ఱవారు రెండు తరములవారు కలరు. ఇల్లు విడిచి పోవుట, మోసమును మోసముగా గుర్తించుట, భయమును దాచుకొని నడచుట, ఇవియే గదా ఆ వయస్సు కోరునవి! ఆయన కథ చివర నీతివాక్యము తగిలింపలేదు. చదువరి తానే తెలిసికొనగలడని నమ్మెను. ప్రతిఫలముగా మనమాయనకు ఇచ్చినదేమి? ఆ ధారావాహికలు కర్త పేరు లేకనే అచ్చైనవి. మన నవలాచరిత్రకారులు ఆయనకు పీట వేయలేదు. మంత్రగాండ్రును భల్లూకములును ఉన్నచోట సాహిత్యముండదని పండితుల నిశ్చయము కాబోలు. కథాసరిత్సాగరమును పాఠ్యముగా చెప్పువారే ఈ నిశ్చయమునకు వచ్చుట మా ఆశ్చర్యము.

ఇప్పటి సంగతికి వత్తము. మహమ్మద్ ఖదీర్‌బాబుగారి ‘దర్గామిట్ట కతలు’ కావలి పట్టణమందలి ముసల్మాను కుఱ్ఱవాని బాల్యమును నెల్లూరి పలుకుబడిలోనే చెప్పినవి. పెద్దలు వానిని జ్ఞాపకముల తీపికై చదివిరి, పిల్లల కెవ్వరు నందింపరైరి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో పిల్లలకొరకని వెలువరింపించిన కథలలో గోగు శ్యామలగారి తాటకి కథ యున్నది: తెల్లవారుజామున పొలమునకు నీరు పెట్టబోయిన దళిత బాలిక, తనపై చేయివేసిన దొరతో పెనగి తప్పించుకొనును. ఇది పిల్లలు చదువవలసినదా యని కనుబొమలు ముడుచువారిని మేమడుగునది యొక్కటే: ఆ పొలమునకు పోయినది పిల్లయే గదా? అనుభవించుటకు చాలిన వయస్సు చదువుటకు చాలదా? రమేశ్ కార్తీక్ నాయక్‌గారి ‘ఢావ్లో’ 2024లో యువ పురస్కారము పొందినది. గోర్ బంజారా తండాల కథలవి. తండాలో పుట్టి పట్టణపు వసతిగృహమున ఇంటరు చదువు పిల్లవానికి, తన ఇంటిమాట అచ్చులో కనబడిన పుస్తకమది. ఏ కళాశాల గ్రంథాలయమున నున్నదో చూపుడు. పోటీపరీక్షల గైడులు మాత్రము ప్రతి బీరువాలోను నిండియున్నవి. పిల్లలు చదువుటలేదట! అచ్చమైన అబద్ధము. మనము పెట్టుటలేదు.

వయస్సును బట్టి సాహిత్యమును పంచుట వర్తకుల పనియనియు, తాము పదునాలుగేండ్లకే వంగ నవలాకారుడు శరత్తును చదివితిమనియు అనువారు కలరు. వారి వీథి మలుపున పుస్తకములు అద్దెకిచ్చు కొట్టుండెడిదని వారు మఱచినారు.

ఇతరుల నిందించి తప్పుకొనుట మాకు తగదు. ఈ పత్రికయు ఇన్నేండ్లుగా అట్టి పుస్తకము వచ్చిన ప్రతిసారియు, “స్వీకారము” అను శీర్షిక క్రింద పేరు, వెల, పుటల సంఖ్య అచ్చువేసి చేతులు దులుపుకొన్నది. ఉత్తర అమెరికా తెలుగు సంఘమగు తానాతో కలిసి పోటీలు పెట్టి పిల్లల పుస్తకములను వెలువరించుచున్న మంచిపుస్తకము వారి ప్రచురణలకును మాచేత జరిగిన సత్కారమింతియే. కావున వచ్చు సంచికనుండి నాలుగు పుటలు దీనికై కేటాయించితిమి. ప్రచురణకర్తలు సమీక్షార్థము రెండేసి ప్రతులు పంపవలెను. సమీక్షకులు పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్ల లోపువారే యగుదురు. వారి అక్షరదోషములను దిద్దుదుము, అభిప్రాయములను దిద్దము. మనసు నొచ్చిన రచయితలు మాకు ఉత్తరములు వ్రాయవచ్చును, ఆ సమీక్షకులకు వ్రాయరాదు.