ముందు మురుగు లెక్క తేల్చండి

వలిగొండ దగ్గర మూసీ ఒడ్డున మా మేనమామ ఊరు. మొన్న వెళ్తే తాగడానికి క్యాన్ నీళ్లు వంచి ఇచ్చాడు. ఊరి పక్కనే నది పారుతోంది, ఇంట్లో మాత్రం నీళ్లు కొనుక్కుంటున్నారు. పొలం గట్టు మీదికి తీసుకెళ్లి, కాలువలో తేలుతున్న తెల్లటి నురగ చూపించాడు. "అల్లుడా, మీ పట్నపోళ్లు కడుక్కున్న నీళ్లే మా మడికి పారుతున్నయి. నాటేసే ఆడోళ్లకు కాళ్లు దురద పెడ్తున్నయి. మీ దిక్కు ఇంకెన్ని ఇండ్లు కడ్తరు రా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నేనుండేది హైదరాబాద్‌లో, మణికొండ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. ఆ నురగలో నా ఇంటి వాటా కూడా ఉంది.

మామ అడిగింది చిన్న ప్రశ్న. ఈ నగరంలో ఇంటికి అనుమతి ఇచ్చే ఏ అధికారీ, ఆ అధికారిని నడిపించే ఏ ప్రభుత్వమూ దానికి సూటిగా జవాబు చెప్పలేదు. చెప్పాలంటే లెక్క ఉండాలి. ఆ లెక్కే లేదు.

లెక్క కష్టమేమీ కాదు. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలన్నది మన దేశంలో ఇంజినీర్లు పాటించే ప్రమాణం. అందులో 80 శాతం మురుగై బయటికి వస్తుంది. వెయ్యి ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీలో ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా రోజుకు 4,32,000 లీటర్ల మురుగు. 2023లో కోకాపేటలో ప్రారంభించిన శుద్ధి కేంద్రం సామర్థ్యం 15 ఎంఎల్‌డీ, అంటే రోజుకు కోటిన్నర లీటర్లు. ఇలాంటి కమ్యూనిటీలు ముప్పై నాలుగు వస్తే అది నిండిపోతుంది. ముప్పై అయిదోదానికి చోటు చాలదు. 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని, అంటే ఎంత స్థలంలో ఎంత కట్టవచ్చన్న హద్దును, ఎత్తేసిన నగరం ఇది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కసారి కారు ఆపి, లేస్తున్న టవర్లు ఎన్నో మీరే లెక్కపెట్టండి.

2021లో ప్రభుత్వం చెప్పిన అంకెలు చూద్దాం. గ్రేటర్ పరిధిలో అప్పట్లో 1,650 ఎంఎల్‌డీ మురుగు పుట్టేది. అప్పటికి ఉన్న 25 శుద్ధి కేంద్రాల సామర్థ్యం 772. అంటే సగానికి పైగా మురుగు శుద్ధి కాకుండానే నాలాల్లో పడి, నాలాల నుంచి చెరువుల్లోకీ మూసీలోకీ చేరింది. ఇది ప్రభుత్వమే ఒప్పుకున్న మాట. ఆ లోటు పూడ్చడానికి రూ.3,866 కోట్లతో మరో 31 కేంద్రాలు, 1,259.5 ఎంఎల్‌డీ సామర్థ్యంతో మంజూరు చేశారు. మంచి పని. ఆలస్యంగానైనా చేశారు, అభినందిస్తాను. కానీ పాతా కొత్తా కలిపితే 2,031 ఎంఎల్‌డీ. అప్పటికే చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి నగరం మురుగు 1,950 అని వాళ్లే చెప్పారు. మిగులు ఎనభై చిల్లర. నూరు శాతం శుద్ధి అని గొప్పగా ప్రకటించుకున్న ఆ లెక్క 2021 నాటి జనానికి సరిపోయే లెక్క. ఆ తర్వాత పునాది తీసిన ఏ టవరూ అందులో లేదు.

లోపం ఇక్కడే ఉంది. శుద్ధి సామర్థ్యం ఖర్చయిపోయే సొమ్ము. ఒక్కో అనుమతి పత్రం మీద సంతకం పడినప్పుడల్లా అందులోంచి కొంత తీసేయాలి. నిల్వ లేని ఖాతా మీద చెక్కులు రాసినవాణ్ణి మనం కోర్టుకు ఈడుస్తాం. చోటు లేని శుద్ధి కేంద్రం మీద ఇళ్లు రాసిచ్చేవాళ్లను ఎవరు అడుగుతున్నారు? 2020లో టీఎస్‌-బీపాస్ చట్టం తెచ్చి, పెద్ద భవనాలకు కూడా 21 రోజుల్లో అనుమతి ఇస్తామన్నారు. శుద్ధి కేంద్రం కట్టడానికి ఏళ్లు పడుతుంది. భూమి కావాలి, ట్రంక్ లైను కావాలి, కట్టాక మురుగును తినే సూక్ష్మజీవులు ట్యాంకుల్లో పెరగడానికే వారాలు కావాలి. 21 రోజుల్లో పుట్టే ఇంటి అనుమతికీ, ఏళ్లు పట్టే శుద్ధి కేంద్రానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే మా మామ పొలం మునుగుతోంది.

పెద్ద ప్రాజెక్టుల్లో సొంత శుద్ధి కేంద్రాలు (ఎస్టీపీలు) ఉంటాయి కదా అంటారు. 20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి, దానితోపాటు ఎస్టీపీ వస్తుంది, నిజమే. మరి రెండు మూడు వందల గజాల్లో వరసగా లేస్తున్న అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ల సంగతేమిటి? మా కాలనీ మొత్తం అలాంటివే. ఫ్లాటు కొనేటప్పుడు మురుగు ఎక్కడికి పోతుందని బిల్డర్‌ను అడిగాను. "డ్రైనేజీ కనెక్షన్ ఉంది సార్" అన్నాడు. ఉంది. వీధి చివర పైపు పాతది, సన్నది. గట్టి వాన పడితే మా గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగుతుంది, పిల్లలు ఆ నీళ్లలోంచే స్కూలు బస్సు ఎక్కుతారు. పైపు పూడుకుపోతే అందులోకి ఒక మనిషిని దించుతారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అయినా మురుగు కాలువల్లో చావులు ఆగలేదు కాబట్టే 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచాల్సి వచ్చింది. మోయగలిగినదానికి మించి పైపు మీద ఇళ్లు వేసినవాళ్లు క్షేమంగా ఉంటారు. ఊపిరాడక పోయేది లోపలికి దిగినవాడు.

డబ్బు లేదంటే నేను నమ్మను. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర గరిష్ఠంగా వంద కోట్లు దాటింది. 45 ఎకరాలకు ఒక్క రోజులో 3,300 కోట్లకు పైగా వచ్చాయి. నగరమంతటికీ 31 కేంద్రాలు కట్టే ఖర్చులో అది చాలా భాగం. ఎకరానికి వంద కోట్లు పోసినవాడు ఆకాశానికి కట్టక తప్పదని అమ్మినవాళ్లకు తెలుసు. ఆ ఎత్తు నుంచి దిగే మురుగుకు దారి చూపడం అమ్మినవాళ్ల బాధ్యత.

మురుగుకు చోటు లేదని ఇళ్లు ఆపితే పేదవాడికి ధర పెరుగుతుందన్న వాదన కూడా విన్నాను. పేదవాడి పేరు చెప్పి ఇక్కడ ఎవరూ దాక్కోవద్దు. నాలా పక్కన ఉండేది పేదవాడే, మ్యాన్‌హోల్‌లోకి దిగేది పేదవాడే, మూసీ నీళ్లతో మడి తడుపుకునేదీ పేదవాడే. ఇన్నాళ్లుగా మన ఇళ్ల ధర తగ్గించి కట్టింది వాళ్ల ఒంటి మీది ఖర్చుతోనే.

మురుగుకు చోటు చూసుకుని ఇళ్లకు అనుమతి ఇవ్వడం జరగని పనేమీ కాదు. ఇవాళ ఎంతోమంది తెలుగువాళ్లు స్థిరపడ్డ మేరీలాండ్‌లో, వాషింగ్టన్ శివార్లలో, 1970లోనే మురుగు వ్యవస్థ మోయలేకపోతోందని కొత్త కనెక్షన్లు ఆపేశారు. అంత దూరం కూడా పోనక్కర్లేదు. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నదికి కట్టడి చెప్పి ఊరుకోలేదు, నగరానికి భూగర్భ మురుగు వ్యవస్థకూ పథకం వేశాడు. అప్పటివాళ్లకు ఉన్న ముందుచూపు మనకెందుకు ఉండకూడదు?

నేను అడిగేవి మూడు. ప్రతి శుద్ధి కేంద్రానికీ ఎంత సామర్థ్యం, ఎంత వాడకం, ఇచ్చిన అనుమతులు పోగా ఎంత మిగులు అన్నది నెలనెలా జనం ముందు పెట్టండి. మిగులు లేని చోట కొత్త అనుమతి ఆపండి. ఇల్లు పూర్తయినా, దాని మురుగు కేంద్రం దాకా చేరుతోందని పరీక్షించి చూసే దాకా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకండి. ఫ్లాటు కొనేవాళ్లను అడిగేది ఒక్కటే. వాస్తు చూసుకున్నంత శ్రద్ధగా, అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ ఇంటి మురుగు ఏ కేంద్రానికి పోతుందో, అక్కడ చోటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. నేను అడగాల్సినంత గట్టిగా అడగలేదు. అందుకు మా మామ ముందు తలదించుకున్నాను.

వచ్చే నాట్ల నాటికి మళ్లీ వలిగొండ వెళ్తాను. ఎన్ని ఇండ్లు కడ్తరని ఆయన మళ్లీ అడుగుతాడు. అప్పుడు చెప్పడానికి నాకు ఒక అంకె కావాలి. ఆ అంకె ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.